చెవిలో మంత్రము, శిలపై లెక్క



మిర్యాలగూడనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె భర్త కోదాడ చెంత నొక గురువునొద్ద రహస్యోపదేశము పొందినాఁడఁట. ఆ యుపదేశము భార్యకైనఁ జెప్పరాదఁట. ఇంటి సొమ్మెటు పోవుచున్నదో యడుగనుగూడదఁట!

మంత్రము గోప్యమగుట మనకుఁ గ్రొత్తగాదు. కాకతి గణపతిదేవునకు శివదీక్ష యొసఁగిన విశ్వేశ్వరశివాచార్యులు గోళకీమఠమువారు. డాహళదేశమునుండి వచ్చిన యా శైవసంప్రదాయమున దీక్షలేనివారికి మంత్రము చెప్పరు. అయినను 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనముఁ జూడుఁడు. తండ్రి మాట యిచ్చిన మందడ గ్రామమును రుద్రమదేవి యాచార్యునకు ధారపోసినది. దాని యాదాయము దేనికిఁ జెందవలెనో శిలపైఁ జెక్కించిరి: దేవళమునకు, మఠమునందలి విద్యార్థులకు, అన్నసత్రమునకు, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు. సన్న్యాసుల మఠమున పురిటాలికిఁ జోటు! ఈ మాట తలఁచినప్పుడెల్ల మా మనసు కరఁగును. సూర్యాపేట చేరువ పిల్లలమఱ్ఱిలో 1208లో ఎఱకేశ్వరాలయముఁ గట్టించిన ఎఱకసానమ్మ పేరునుగూడ శిలయే నిలిపినది గదా.

కావున సోదరీ, మంత్ర మడుగవలదు. అది వారి సొత్తు. లెక్క యడుగుము. గురువుగారికిఁ గోపము వచ్చినచో రానిమ్ము. అంతవఱకు నగలపెట్టె తాళము నీ కొంగుననే యుండనిమ్ము.