మేస్త్రీ కూడా గురువే

చిలకలూరిపేట షెడ్లలోకి ఛాసిస్‌గా వచ్చిన లారీ, క్యాబిన్‌తో, బాడీతో, రంగులతో రోడ్డెక్కుతుంది. అక్కడి వడ్రంగులు, వెల్డర్లు, పెయింటర్లలో చాలామంది మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకున్నవారే. ఏ చెక్క ఎంత బరువు మోస్తుందో, ఏ అతుకు ముందుగా పగులుతుందో చెయ్యి పెట్టి చెప్పగలరు. కానీ ఆ పనితనానికి కాగితం లేదు. ఊరు దాటితే మళ్లీ హెల్పర్‌గానే మొదలుపెట్టాలి. చదువు మధ్యలో ఆపేసి షెడ్డులో చేరిన పిల్లవాడికి లెక్కా, డ్రాయింగూ చెప్పేవారూ ఉండరు.

ఐటీఐ విద్యార్థిది ఇంకో కష్టం. వెల్డర్ కోర్సు ఏడాది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. కొలతలు, కరెంటుతో జాగ్రత్తలు తరగతిలోనే బాగా అబ్బుతాయి. కానీ యంత్రం ఆగిపోయి పనంతా నిలిచినప్పుడు ఏం చేయాలో తరగతి నేర్పలేదు.

ఈ రెంటినీ కలపడానికే 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. 30 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని స్టైపెండ్ ఇచ్చి తీరాలి. 2016 నుంచి అందులో కొంత భాగాన్ని కేంద్రమే భరిస్తోంది. జర్మనీలో ఇదే పద్ధతి బలంగా నాటుకుంది. కుర్రాడు వారంలో ఒకటి రెండు రోజులు బడికీ, మిగతా రోజులు పనికీ వెళ్తాడు. అతనికి పని నేర్పేవారికీ అర్హత పరీక్ష ఉంటుంది. నేర్పడం వేరే విద్య అని వాళ్లు గుర్తించారు. మనం నేర్చుకోవలసింది ముఖ్యంగా ఇదే.

పల్నాడులో మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఈ చట్టం వర్తిస్తుంది. చిన్న షెడ్లకు ఆ నిర్బంధం లేదు. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నచోట యజమాని ఇష్టపడితేనే. నిజానికి ఇక్కడ పని బతికి ఉన్నది ఆ చిన్న షెడ్లలోనే. ఒకేషనల్ ఇంటర్ పిల్లల ఉద్యోగ శిక్షణ అలాంటి చోట జరగాలి. అది ఒక సంతకంతో ముగిసిపోతే పోయేది పిల్లల కాలమే.

నరసరావుపేట, గురజాల, మాచర్ల కళాశాలల పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఈ విద్యా సంవత్సరంలో మీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒకసారి షెడ్లకు వెళ్లండి. మేస్త్రీని మీ తరగతికి పిలిచి, గౌరవంగా పాఠం చెప్పించండి. ఆయన దగ్గర పని నేర్చిన కుర్రాళ్లకు పరీక్ష రాయించి, సర్టిఫికెట్ వచ్చే దారి చూపండి.