‘గారు’ లేని భాషలో మర్యాద

మోడల్ వెర్బ్స్ అనగానే మనకో పట్టిక గుర్తొస్తుంది. క్యాన్ అంటే సామర్థ్యం, మే అంటే అనుమతి, మస్ట్ అంటే తప్పనిసరి. పరీక్షకు అది చాలు. అరకులో ఏ రిసార్ట్ రిసెప్షన్ ఉద్యోగానికో వెళ్తే మాత్రం చాలదు.

తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. ‘మీ ఆధార్ కార్డు ఇవ్వండి’ అంటే ఎవరూ నొచ్చుకోరు, ఆ ‘అండి’ చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో నువ్వయినా మీరయినా ‘యూ’నే. అందుకే ‘గివ్ యువర్ ఐడీ కార్డ్’ అంటే గద్దించినట్టు ఉంటుంది. ‘కుడ్ ఐ సీ యువర్ ఐడీ, ప్లీజ్?’ అనాలి. ఈ కుడ్ గతకాలం కాదు, మన ‘అండి’ చేసే పనే చేస్తోంది. నన్నడిగితే వ్యాకరణ పుస్తకంలో ఈ ముక్క మొదటి పేజీలోనే ఉండాలి.

ఇంకో చిక్కు ‘కూడదు’, ‘అక్కర్లేదు’. బొర్రా గుహల్లో సున్నపురాతి ఆకృతుల్ని ముట్టుకోకూడదు: ‘యూ మస్ట్ నాట్ టచ్ దెమ్’. కాఫీ రుచి చూసినంత మాత్రాన కొనక్కర్లేదు: ‘యూ డోంట్ హావ్ టు బై’. ఇక్కడ పొరపాటున ‘మస్ట్ నాట్ బై’ అన్నారో, వచ్చిన బేరాన్ని మీరే పొమ్మన్నట్టు!

ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే మన్యం పిల్లలకు ఇంగ్లిష్ మూడో భాష. వాళ్లు వెనకబడ్డారని కోచింగుల్లో అనుకుంటారు. నేనొప్పుకోను. తెలుగులో ‘నువ్వు’ ఎక్కడ, ‘మీరు’ ఎక్కడ అనేది బడికొచ్చి పట్టుకున్నవాళ్లకు క్యాన్‌కీ కుడ్‌కీ తేడా పట్టుబడదా?