గుడ్డు పెంకు పలచబడితే పొడి డబ్బాయే మందా?



మన పీణ్య గ్రూపులో మూడు రోజులుగా గుడ్ల గొడవే. జాలహళ్లి క్రాస్ దగ్గర కొన్న ట్రేలో నాలుగు గుడ్లు చిట్లాయని ఒకరు ఫొటో పెట్టారు. "కోళ్లకి ఆడ హార్మోను పెడుతున్నారు, అందుకే" అని ఇంకొకరు తేల్చేశారు. ఈలోగా అనపర్తి వైపు తమ్ముడికి లేయర్ షెడ్డు ఉన్న మన సభ్యుడొకాయన, "మొక్కల ఈస్ట్రోజెన్ పొడి అమ్ముతున్నారు, పెంకు గట్టిపడుతుందట, కొనమంటారా?" అని అడిగారు. జవాబు చెప్పాల్సింది ఈయనకి. షెడ్డు మీద అప్పుంది, కోళ్లకి 70 వారాలు దాటాయి.

మా మాట ముందే చెప్పేస్తున్నాం. ఇప్పుడే కొనొద్దు.

ఒక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. అప్పుడు మేత ఉండదు కాబట్టి కోడి కొంత తన ఎముకల్లోంచి తీసుకుంటుంది. ఆ ఎముక నిల్వని ఏర్పరిచేది ఈస్ట్రోజెనే. విటమిన్ డీ పనిలోకి రావడానికీ అది తోడ్పడుతుంది. వయసు మీదపడ్డ కోడిలో పేగు సున్నం పీల్చుకోవడం తగ్గుతుంది, గుడ్డేమో పెద్దదవుతుంది. పెంకు పలచబడక ఏమవుతుంది?

సోయాలో ఉండే డైడ్జీన్, జెనిస్టీన్ ఈస్ట్రోజెన్‌ని కొంతమేర పోలి ఉంటాయి. ముసలి కోళ్లకి ఇచ్చి చూసిన కొన్ని ప్రయోగాల్లో గుడ్లు పెరిగాయి, పెంకు కాస్త మెరుగైంది. కొన్నింటిలో తేడాయే లేదు. పైగా మన దాణాలో సోయా చెక్క ఎప్పటినుంచో ఉంది, అంటే ఆ పదార్థం కోడికి కొత్తేమీ కాదు. అందులో కొంత పచ్చసొనలోకీ వస్తుంది. భయపడేవాళ్లు ముందు మన ఇళ్లలో వండే మీల్‌మేకర్ కూర సంగతి ఆలోచించాలి, అందులో ఇంతకంటే చాలా ఎక్కువ!

మేతలో సున్నమే చాలకపోతే ఏ పొడీ దాన్ని పుట్టించలేదు. రోజుకి కోడికి సుమారు 4 గ్రాములు అందుతోందా? అంతా మెత్తటి రాతిపొడేనా, ముతక గ్రిట్ కూడా వేస్తున్నారా? ముతకది కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతుంది, సాయంత్రం మేతలో వేస్తే ఇంకా మంచిది. ఎండాకాలంలో కోడి రొప్పుతుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు పలచబడుతుంది. దానికి ఫ్యాన్లు, చల్లటి నీళ్లు కావాలి. ఇవన్నీ సరిచూశాక కూడా తేడా రాకపోతే, అప్పుడు ఒక్క వరస కోళ్లకే పొడి పెట్టి, పక్క వరసతో పోల్చి, చిట్లిన గుడ్లు లెక్కపెట్టమనండి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే అదీ ఒక సమాధానమే.

తమ్ముడిగారి మేత లెక్క ఆదివారం మీటింగుకి తెప్పించండి. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ ఉంది, మనకి పెద్ద దూరం కాదు. లెక్క పట్టుకుని మాలో ఇద్దరం వెళ్లి అడిగొస్తాం.

ఆ నాలుగు చిట్లిన గుడ్లు మాత్రం వండుకోకండి. అవి లారీ కుదుపులకి చిట్లాయో, పెంకు పలచనై చిట్లాయో ఫొటో చూసి చెప్పలేం గానీ, పగులులోంచి క్రిములు లోపలికి పోతాయి. షాపువాడికి తిరిగిచ్చేయండి.