ముందు వినాలి, తర్వాత విప్పాలి

మనం ఉంటున్న ఈ ఊరు ఇనుముతో పుట్టింది. ఒకప్పుడు సాక్చి చిన్న గ్రామం. ఇక్కడి కర్మాగారంలో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. 1919లో ఈ పట్టణానికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. 1945లో టెల్కో ఏర్పడి మొదట రైలింజన్లు, 1954 నుంచి లారీలు తయారు చేసింది. ఇలాంటి ఊళ్లో చదువుకుంటూ కూడా మనలో చాలామంది ఇంజన్ బానెట్ తెరిచి చూడలేదు. ఇది మారాలని మా అభిప్రాయం.

ఇక్కడ మెకానిక్కును ‘మిస్త్రీ’ అంటారు. మన తెలుగులో మేస్త్రీ అంటే ఇల్లు కట్టే ఆయనే గుర్తొస్తాడు. రెండు మాటలూ పోర్చుగీసు నుంచి వచ్చినవే. అసలు అర్థం గురువు, పనిలో ఆరితేరినవాడు. సాక్చి బజారుకు కూరగాయలు తెచ్చే ఒక పాత డీజిల్ పికప్ వ్యాన్ రిపేరు చూశాక ఆ అర్థం మాకు బాగా తెలిసింది.

ఆ బండి ‘మిస్సింగ్’ కొడుతోంది. అంటే నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగా మండటం లేదు. లెక్క చూద్దాం. ఐడిలింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఒక్కో సిలిండర్‌కు 400 చొప్పున, నాలుగింటికీ కలిపి నిమిషానికి 1600 సార్లు. ఒకటి మానేస్తే 1200 మాత్రమే మిగులుతాయి. అందుకే బండి వణుకుతుంది, లోడుతో ఎత్తు ఎక్కలేదు, మండని డీజిల్ తెల్లటి పొగగా బయటికి వస్తుంది.

చుట్టూ ఉన్నవాళ్లు తలో సలహా ఇచ్చారు. నాలుగు ఇంజెక్టర్లూ మార్చెయ్యమన్నారు ఒకరు. పంపు పోయిందన్నారు మరొకరు. మిస్త్రీ దేనికీ తొందరపడలేదు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్‌కు వెళ్లే డీజిల్ గొట్టం నట్టును కొద్దిగా వదులు చేసి, శబ్దం విని, మళ్లీ బిగించాడు. మొదటిది వదులు చేస్తే ఇంజన్ మరింత కుంటింది. అంటే ఆ సిలిండర్ పని చేస్తోంది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది వదులు చేసినప్పుడు శబ్దంలో ఏ మార్పూ లేదు. పని చెయ్యనిది అదే.

అక్కడితో కొత్త ఇంజెక్టర్ కొనెయ్యలేదు. ఇంజన్ ఆపి మూడో ఇంజెక్టర్‌ను రెండో దాని చోట, రెండోదాన్ని మూడో దాని చోట పెట్టాడు. జబ్బు కూడా రెండో సిలిండర్‌కు మారింది. మారకుండా మూడో దాంట్లోనే ఉండి ఉంటే వాల్వులనో, కంప్రెషన్‌నో అనుమానించాల్సి వచ్చేది. ఆ ఇంజెక్టర్‌ను టెస్టింగ్ పంపు మీద పెడితే డీజిల్ పొగమంచులా చిమ్మాల్సింది చుక్కలుగా కారింది. కొత్త నాజిల్, కొత్త రాగి వాషర్ వేశాడు. తర్వాత డీజిల్ ఫిల్టర్ విప్పితే అడుగున నీళ్లు కనిపించాయి. నాజిల్ పాడవడానికి కారణం అదే. ఫిల్టర్ మార్చి, చేతి పంపుతో లైన్లోని గాలి తీశాడు. ఆ నీళ్లు వదిలేసి ఉంటే కొత్త నాజిల్‌కూ అదే గతి పట్టేది.

ఒక హెచ్చరిక. ఇది అనుభవమున్నవాళ్లు చేసే పని, మనం దూరంగా నిలబడి చూడాల్సిన పని. ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుపోతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఆ ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది కాబట్టి వాటిలో నట్టు వదులు చెయ్యనే కూడదు.

కొత్త బండ్లకు స్కానర్ ఉంది కదా, ఈ విద్య ఇంకెందుకు అని కొందరు అడుగుతారు. స్కానర్ పీ0303 అని చూపిస్తే మూడో సిలిండర్ మిస్సవుతోందని అర్థం. ఎందుకో అది చెప్పదు. ఆ ఎందుకును వెతకాల్సింది మనిషే.

ఈ వెతికే పద్ధతి మనలాంటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు మరీ అవసరం. మనం సంవత్సరం మధ్యలో కొత్త బడికి వస్తాం. మొదటి యూనిట్ టెస్టులో మార్కులు తగ్గగానే ‘వీక్’ అనే ముద్ర పడుతుంది. అన్ని సబ్జెక్టులకూ ట్యూషన్ పెట్టిస్తారు. నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి మార్చడమంటే ఇదే. లెక్క తప్పిన పిల్లకు అదే లెక్కను ఇంటి భాషలో చదివి వినిపించండి. చేసేస్తే లోపం గణితంలో లేదు, ప్రశ్న చదివిన భాషలో ఉంది. అప్పటికీ చెయ్యలేకపోతే ఏ పాఠం పాత బడిలో జరగకముందే బదిలీ వచ్చిందో అడగండి. భిన్నాలు చెప్పకముందే వచ్చేసిన పిల్లకు శాతాలు ఎన్నిసార్లు చెప్పినా నిలవవు. అది ఫిల్టర్లో నీళ్లలాంటిది.

మేము కోరేవి రెండు. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. అందులో రెండు రోజులు మమ్మల్ని ఒక గ్యారేజీకి తీసుకెళ్లండి. ‘మా అమ్మాయి ఇంజనీరు కావాలి, మిస్త్రీ కాదు’ అనే తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలి. ఆ మిస్త్రీ చేసింది ప్రయోగమే. ఒకసారికి ఒక్కటే మార్చాడు, ఫలితం చూశాడు, తర్వాతే నిర్ణయించాడు. మన సైన్స్ పుస్తకం చెప్పేదీ అదే.

రెండోది, బదిలీపై కొత్తగా చేరిన ప్రతి విద్యార్థితోనూ మొదటి వారంలో ఒక టీచర్ కూర్చుని, ఏ పాఠాలు అయ్యాయో, ఏవి తప్పిపోయాయో, ఏ భాషలో చదివితే అర్థమవుతుందో రాసుకోవాలి. ఒక్క పీరియడ్ చాలు. ముద్ర వెయ్యాలనుకుంటే ఆ తర్వాత వెయ్యండి. చాలామందికి ఆ అవసరమే రాదు.