లా పరిశోధన పరీక్ష కోసమేనా?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరింది. ఇక్కడ న్యాయశాస్త్రం చదవడానికి విశాఖ వారే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి ప్రాంతాల పిల్లలూ వస్తుంటారు. వీరిలో ఇంట్లో వకీలు ఉన్నవారి సంగతి వేరు. తండ్రి ఆఫీసులో లా రిపోర్టుల బీరువా ఉన్న కుర్రవాడు కాలేజీలో నేర్వనిది సాయంత్రం ఇంట్లో నేర్చుకుంటాడు. చోడవరం రైతు కొడుక్కీ, పాడేరు గిరిజన బాలికకూ ఆ వీలు లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయమే వారికి ఆ బీరువా. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో లా పరిశోధన ఎలా నేర్పాలన్న ప్రశ్నను ఈ పిల్లలను దృష్టిలో పెట్టుకుని అడగాలి.

ఎల్.ఎల్.ఎం.లో పరిశోధన పద్ధతులు ఒక పేపరు. డిజర్టేషన్ కూడా రాయాలి. పరీక్ష ముందు వారం రోజులు గైడు తిరగేస్తే పేపరు గట్టెక్కుతుందన్న ధీమా విద్యార్థుల్లో ఏ కాలేజీలో చూసినా ఉన్నదే. ఎల్.ఎల్.బి. మొదటి ఏడాదిలోనే చేయి పట్టి నేర్పవలసిన విద్యను పై చదువుకు వాయిదా వేస్తే, ఎల్.ఎల్.ఎం. చదవకుండా కోర్టుకు వెళ్ళేవారి గతేమిటి? ప్రాక్టీసుకు దిగేవారిలో ఎక్కువమంది వారే కదా.

ఈ విద్య విలువ తెలియాలంటే దూరం పోనక్కరలేదు. విశాఖ నుంచి కిరండూల్ వైపు వెళ్ళే రైలెక్కితే బొర్రా వస్తుంది. అనంతగిరి మండలంలోని ఆ ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజుల మీద ‘సమత’ సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ కేసులో వాదమంతా దాదాపు ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఏజెన్సీలో ఏ ‘వ్యక్తీ’ గిరిజనేతరునికి భూమి బదిలీ చేయరాదని రెగ్యులేషన్ చెబుతోంది. మరి ప్రభుత్వం ఆ ‘వ్యక్తి’ కిందికి వస్తుందా, రాదా? వస్తుందని ఇద్దరు న్యాయమూర్తులు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ అన్నారు. రాదని జస్టిస్ పట్నాయక్ వేరే తీర్పు రాశారు. కొండ మీది గనుల భవితవ్యాన్ని ఆ ఒక్క మాట తేల్చింది.

ఇప్పుడు ఒక విద్యార్థికి ఈ తీర్పు ఇచ్చి చదవమనండి. ‘(1997) 8 ఎస్.సి.సి. 191’ అంటే 1997వ సంవత్సరం 8వ సంపుటి 191వ పుట అని ముందు తెలియాలి. పుట తెరవగానే పైన కనిపించే సారాంశం సంపాదకులు రాసినదనీ, న్యాయమూర్తి మాట కాదనీ తెలియాలి. (దాన్నే తీర్పనుకుని కోర్టులో చదివి చీవాట్లు తినేవారున్నారు.) తర్వాత వెనక్కి నడవాలి. 1917 నాటి ఏజెన్సీ చట్టం, 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, జనం నోట ‘1/70’గా స్థిరపడిన 1970 సవరణ, ఆ సవరణ చెల్లుతుందని 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట, ఇవన్నీ చూశాకే 1997 తీర్పు బోధపడుతుంది. భిన్నాభిప్రాయం కూడా వదలకూడదు. రేపు ఎదుటి వకీలు ఎత్తుకునే వాదం అందులోనే ఉండవచ్చు. తర్వాత ముందుకు నడవాలి. ఆ తీర్పును ఏ కోర్టు అనుసరించింది, ఏది పరిధి కుదించింది అని వెతకాలి. ఈ నడక తెలియని వకీలు కొట్టివేసిన తీర్పును పట్టుకుని వాదిస్తే, ఎకరమో రెండెకరాలో ఉన్న కక్షిదారు నష్టపోతాడు. వకీలు ఫీజు మాత్రం ముట్టే ఉంటుంది.

2024 జూలై 1 నుంచి ఈ అవసరం రెట్టింపయింది. 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 బదులు 103వ సెక్షన్. ఊళ్ళో తిట్టుగా మారిన 420 ఇప్పుడు 318లో చేరింది. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది. అంటే పాత, కొత్త చట్టాలు రెండూ బల్ల మీద ఉండాలి.

కంప్యూటర్ వచ్చాక ఈ తంటా ఎందుకని అడుగుతున్నారు. 2023 నుంచి సుప్రీంకోర్టు తన అధికారిక రిపోర్టులను ఉచితంగా అందుబాటులో పెట్టింది. జిల్లా వకీళ్ళకు ఇది నిజంగా గొప్ప మేలు. కాని అడగగానే జవాబు చెప్పే యంత్రాలను నమ్మితే చిక్కే. అదే 2023లో న్యూయార్కులో ఇద్దరు వకీళ్ళు అలాంటి యంత్రం కల్పించిన తీర్పులను కోర్టు ముందు పెట్టారు. అవి ఏ రిపోర్టులోనూ లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. పుట తెరిచి చూసే అలవాటు ఉంటే ఆ అవస్థ తప్పేది.

డిజర్టేషన్ల అంశాల మీద కూడా ఒక మాట. అంతర్జాతీయ చట్టం మీద రాయవద్దని ఎవరూ అనరు. కాని వాల్తేరు నుంచి బయలుదేరితే పూటలో చేరగల పాడేరులో 1/70 కేసులు ఎలా నడుస్తున్నాయో, ఎన్నేళ్ళు పడుతున్నాయో, గెలిచిన గిరిజనుడికి భూమి చేతికందిందో లేదో విద్యార్థులే వెళ్ళి రికార్డులు చూసి రాయవచ్చు. తీర్పు కాగితం మీద ఒకటి, పొలం గట్టు మీద ఇంకొకటి అయితే ఆ తేడాను కొలవడం కూడా పరిశోధనే. అలాంటి డిజర్టేషన్‌కు తెలుగులో నాలుగు పేజీల సారాంశం జతచేయాలని నియమం పెడితే, 1966 నుంచి తెలుగు అధికార భాషగా ఉన్న రాష్ట్రంలో అది పెద్ద కోరికేమీ కాదు. సుప్రీంకోర్టే 2019 నుంచి కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు ఇస్తోంది.

లా గ్రంథాలయాన్ని సెలవు రోజుల్లో నర్సీపట్నం, అరకు, చోడవరం వకీళ్ళకూ తెరవాలి. పని దినాల్లో వారు కోర్టు వదిలి రాలేరు. ఇప్పటికే అలాంటి సదుపాయం ఉంటే, వేళలు, షరతులు రాసిన బోర్డు ఒకటి ప్రతి మున్సిఫ్ కోర్టు ఆవరణలో పెట్టించాలి.