పెద్ద వరదనాటికి చంకలో బిడ్డ

జూలై 4వ తేదీన మన పాఠశాలలలో ఉదయపు ప్రార్థన ముగియగానే అల్లూరి సీతారామరాజు చిత్రపటమునకు పూలదండ వేసి, ఏడవ తరగతిలో గొంతు బాగుగా నున్న పిల్లవానిని ముందునకు పిలిచి, వాని చేతికొక కాగితమిచ్చి చదివించుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. నేను కోనసీమలో ఉపాధ్యాయుడనై పనిచేసిన కాలమున అట్టి యొక ఉదయమున, కాగితము చదివిన బాలుడు తన చోటికి పోవుచుండగా, వరుసలో వెనుక నిలిచిన మరియొకడు చేయి యెత్తి, "మాస్టారూ, వీడు పాండ్రంగిలో పుట్టారని చదివాడండీ. మా ఇంట్లో పుస్తకంలో మోగల్లు అని ఉందండీ. ఏది రైటు?" అని యడిగెను. అక్కడ నున్న పెద్దలలో నొకరు "పాఠ్యపుస్తకంలో ఏముంటే అది రాయి" అని యా మాట నంతటితో ముగించిరి. ఆ ఉదయమున పలుకబడిన మాటలన్నిటిలోను విలువైనది ఆ పిల్లవాని ప్రశ్నయే యని నాకప్పుడు తోచినది. నేటికిని అదియే నా యభిప్రాయము.

దానికి సమాధానము కష్టమైనది కాదు. మన దేశమున ఆడుబిడ్డ పురుటికి పుట్టింటికి వచ్చుట వాడుక. పాండ్రంగి సీతారామరాజు తల్లి పుట్టినయూరు; మోగల్లు తండ్రివైపువారి గ్రామము. ఒక గ్రంథకర్త పురిటింటిని పేర్కొనెను, మరియొకడు ఇంటిపేరువారి యూరిని పేర్కొనెను. ఇంతమాత్రము చెప్పుటకు అరనిమిషము చాలును. ఆ అరనిమిషము వెచ్చించియున్నచో, జీవితచరిత్ర యనునది ఎవరో యొకరు కూర్చుండి వ్రాసినదనియు, వ్రాసినవారు ఎవరినో అడిగి, ఏవో కాగితములు చూచి, కొంత ఊహించి వ్రాసిరనియు, కనుకనే రెండు పుస్తకములు రెండు విధములుగా నుండవచ్చుననియు ఆ పిల్లవానికి బోధపడియుండెడిది.

ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లలచేత మహనీయుల చరిత్రలు చదివించుచునే, ప్రతి పిల్లచేతను, ప్రతి పిల్లవానిచేతను, పేరుప్రతిష్ఠలు లేని యొక బ్రదికియున్న మనుష్యుని చరిత్రను వ్రాయింపవలెనని నా మనవి. ఒక్కసారి వ్రాసిన చేయి గల బిడ్డయే తరువాత నొరులు వ్రాసినదానిని కన్నులు తెరచి చదువగలదు. నేడు మన బడులలో జరుగుచున్నది వేరు. జననము, విద్యాభ్యాసము, సేవలు, బిరుదులు, మరణము అను అయిదు శీర్షికల చట్రమొకటి గైడుపుస్తకములలో సిద్ధముగా నున్నది. పేరు మార్చి యే మహాపురుషుని కైనను దానిని తొడుగవచ్చును. ప్రాజెక్టు పని యనగా ఇంటర్నెట్ సెంటరులో బొమ్మ ప్రింటు తీయించి చార్టుపై నంటించుట యని పిల్లలు నమ్ముచున్నారు. తప్పు వారిది కాదు. మన మంతకంటె నడుగలేదు.

ఒకనాడు మన పెద్దలు ఈ విషయమున నెంతో శ్రద్ధ వహించిరి. 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడు, తెలుగువాని చేతిలో మొట్టమొదట నే పుస్తకముంచవలెనని యోచించి, వారు 1907లో ప్రకటించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. దుంగల గుడిసెలో పుట్టిన యొక బాలుని కథతో ఆధునిక తెలుగు గ్రంథమాలలలో నగ్రగణ్యమైన దొకటి ప్రారంభమైనది. ఆ లక్ష్మణరావు అక్కగారే భండారు అచ్చమాంబ. బాల్యముననే వివాహమై, బడి గడప తొక్క నోచుకొనక, తమ్ముని తోడ్పాటున ఇంటనే చదువు నేర్చికొని, ముప్పది యేండ్ల ప్రాయమున 1905లో కన్నుమూసిన యా విదుషీమణి, అంతలోనే స్త్రీల జీవితములను వెదకి వెదకి ప్రోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా గ్రుచ్చెను. తనకు బడి చెప్పని పాఠమును ఒరుల బ్రదుకులలో వెదకికొన్న యా తల్లి కథను మన ఆడుపిల్లలకు చెప్పిన బడు లెన్ని యున్నవో నాకు సందేహము.

చదివింపవలసిన వాని సంగతి చెప్పెదను. పదునొకండు, పదునాలుగు సంవత్సరముల నడుమనున్న బిడ్డకు ఫలములపై కంటె దారిపై నాసక్తి మెండు. ఎల్లాప్రగడ సుబ్బారావు కనుగొన్న మందుల పట్టిక చదివినప్పుడు నా తరగతి నిద్రపోయినది. 1895లో భీమవరమున పుట్టిన ఆయన పదమూడవ యేట ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెననియు, పట్టుకొని వెనుకకు తెచ్చిరనియు, మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కెననియు, వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియై తక్కువ పట్టముతో బయటపడెననియు చెప్పినప్పుడు, చివరి బెంచీలోని పిల్లవాడొకడు "రెండుసార్లు ఫెయిలయ్యారాండీ?" యని లేచి నిలువబడెను. వాడు లెక్కలలో తప్పినవాడు. ఆ దినము నుండి సుబ్బారావు వానికి చుట్టమైనాడు.

దుర్గాబాయి కథయు నిట్టిదే. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేక వచ్చిన జవహర్లాలు నెహ్రూను లోనికి పోనీయక ఆపినదని ప్రసిద్ధి. ఎనిమిదవ తరగతి పిల్ల ఈ కథ విని తన యీడుదానిని ఆ ద్వారమున నిలుపుకొని చూడగలదు. అంబేద్కరు తాను తొమ్మిదియేండ్ల వయస్సున అన్నతోను, అక్క కొడుకులతోను గోరెగాఁవునకు తండ్రికడకు ప్రయాణమై, మాసూరు స్టేషనులో దిగి, బండివాడు తమతో కూర్చుండుట కిష్టపడకపోగా తామే బండి తోలుకొని, దారిపొడవున గ్రుక్కెడు నీరు దొరకక రాత్రి గడపిన వైనమును స్వయముగా వ్రాసినాడు. దీనిని నేను తరగతిలో పైకి చదివి వినిపించిన ప్రతిమారును, ముగించిన తరువాత కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. వ్యాఖ్యానము చేయవలెనన్న బుద్ధి నాకును పుట్టలేదు.

నీతికొరకు కట్టిన కథల విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను. జార్జి వాషింగ్టను చిన్ననాట చెఱ్ఱీచెట్టు నరికి తండ్రితో నిజము చెప్పెనను కథ మన బడులలోను వ్యాపించినది. అది వాషింగ్టను మరణానంతరము వీమ్సు అను మతబోధకుడు వ్రాసిన చరిత్రలో, 1806 నాటి కూర్పున చేరినది. దానికి వేరే యాధారమేదియు లేదు. సత్యము పలుకుమని చెప్పుటకు కల్పితమును చరిత్రగా చెప్పుట పిల్లలయెడ చేయదగిన పని కాదు. ఈ సంగతిని పిల్లలకే చెప్పి "దీనిని మన మెట్లు కనిపెట్టవచ్చును?" అని యడిగినచో వారు మనకంటె చక్కని త్రోవలు సూచింతురు.

ఇక వ్రాయుట. ఏడవ తరగతి పిల్లలను ఇంటిలోగాని వీధిలోగాని యొక పెద్దను ఎన్నుకొని, ఇరువది ప్రశ్నలు సిద్ధము చేసికొని, అడిగి వ్రాయుడని నేను చెప్పితిని. ఒక బాలిక తన నాయనమ్మను ఎన్నుకొన్నది. మొదటి ప్రశ్న "ఎప్పుడు పుట్టావు?" అని. నాయనమ్మకు తెలియదు. పిల్ల ఆధార్ కార్డు తీసి చూచినది. అందు జనవరి 1 అని యున్నది. మరునాడు తరగతిలో "మా నాయనమ్మ కొత్త సంవత్సరం రోజునే పుట్టిందండీ" అని సంతోషముతో చెప్పగా, ప్రక్కనున్న పిల్ల "మా తాతయ్య కూడా అంతే" యన్నది; వెనుకనుండి మరి నలుగురు చేతు లెత్తిరి. ఇందరు తాతలు, అవ్వలు ఒక్క దినముననే పుట్టుట యెట్లు? పుట్టినతేది తెలియనివారికి ఏడు మాత్రము వేసి జనవరి 1 వ్రాయుట కద్దని నేను చెప్పుటకు ముందే, ఆ తేది ఎవరో వేసినదని తరగతి గ్రహించినది. ప్రభుత్వముద్ర గల కాగితమును సైతము అడుగవలసిన ప్రశ్న యొకటి కలదని పన్నెండేండ్ల పిల్లలు తమంత తాము తెలిసికొనిరి.

బాలిక మరల ఇంటికి పోయి ప్రశ్న మార్చి యడిగినది. "నాన్న పుట్టినప్పటికి గోదారికి పెద్ద వరద వచ్చిందా?" దానికి నాయనమ్మ తడువుకొనలేదు. "పెద్ద వరదనాటికి మీ నాన్న నా చంకలో ఉన్నాడే. బడి మేడమీదకెక్కాం. వాడు పాలకి ఒకటే ఏడుపు. నాకు తిండి లేక పాలు పడలేదు" అని చెప్పినది. పిల్ల రామాలయమునకు పోయినది. అక్కడి స్తంభముపై వరదనీరు నిలిచిన మట్టమునకు గీచిన గీత యొకటి, దాని ప్రక్కన 1986 అను అంకెలును ఉన్నవి. తండ్రి బడిసర్టిఫికెట్టులో పుట్టినతేది 1987 జూన్ అని యున్నది. బడిలో చేర్చునాటికి వయస్సు సరిపోవునట్లు ఒక తేది వేయుట ఆ కాలమున సర్వసాధారణము. పిల్ల తన నోటుపుస్తకములో వ్రాసిన వాక్యమును నేను మరువలేను: "సర్టిఫికెట్ తప్పు. వరదకి తేదీ ఉంది, నాయనమ్మకి వరద గుర్తుంది. అందుకని నాన్న 1986 ఆగస్టుకి ముందే పుట్టాడు."

ఇది చిన్న పని యని యెవరైన ననుకొందురేమో. కందుకూరి వీరేశలింగము పంతులు కవులచరిత్రము వ్రాయుటకు పూనుకొన్నప్పుడు చేసినది ఈ పనియే. ప్రాచీనకవి తన పుట్టినతేదిని చెప్పడు. తన్ను ఆదరించిన రాజును చెప్పును. రాజు దానశాసనము వేయించును. శాసనము కాలమును చెప్పును. నన్నయ కాలమును మన మెరుగుట రాజరాజనరేంద్రుని వలనను, ఆయన నారాయణభట్టునకిచ్చిన నందంపూడి శాసనము వంటి వాని వలనను కదా. ఆ నందంపూడి మా బడికి చేరువనే కోనసీమలో నున్నది. రాజునకు బదులు వరద, శాసనమునకు బదులు రామాలయపు స్తంభము, త్రోవ యొక్కటే. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు ఆ బాలిక ముఖమున కలిగిన వికాసమును చూచి, నన్నయను గూర్చి నేనంతవరకు ఎన్ని యేండ్లు ఎంత నీరసముగా పాఠము చెప్పితినో తలచి బాధపడితిని. 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెలంగాణమున కవులే లేరన్న మాటకు సమాధానముగా 354 మంది కవులను 'గోలకొండ కవుల సంచిక'లో నిలిపినప్పుడును ఊరూరి బ్రదుకులను అడిగి తెచ్చుటయే ఆయుధమైనది.

ఉపాధ్యాయుల యభ్యంతరము నే నెరుగుదును. సిలబసు పూర్తి కావలెను, పరీక్ష లున్నవి, నలుబది నోటుపుస్తకములు దిద్దవలెను. నిజమే. కాని యొక మాసమున తెలుగు పిరియడ్లలో సగము దీనికిచ్చినచో, ప్రశ్నవాక్యము, పరోక్షకథనము, పేరా విభజన, విరామచిహ్నములు అన్నియు నిందులోనే వచ్చును. ఫోనులో వెదకి ఎత్తివ్రాయుటకు వీలులేని వ్యాసము ఇదొక్కటియే యని కూడ గమనింపవలెను.

దీనికంటె బరువైన చిక్కు మరియొకటి కలదు. మొదటి యేడు నేను "మీ నాన్నగారి గురించి రాయండి" యని యందరికి నొకే మాట చెప్పితిని. ఒక పిల్లవాడు రెండు దినములు బడికి రాలేదు. వాని యింటి పరిస్థితి తెలిసిన పిదప ఆ తప్పు నాదని గ్రహించితిని. నాటినుండి ఎవరిని ఎన్నుకొనవలెనో పిల్లల యిష్టమునకు విడిచితిని. మధ్యాహ్నభోజనము వండు ఆమెను, పడవ నడుపు వానిని, దర్జీని వ్రాసినవారు కలరు. రెండవ నియమము: వ్రాసినదానిని నాకిచ్చుటకు ముందు, ఎవరిని గూర్చి వ్రాసిరో వారికి ఆసాంతము చదివి వినిపింపవలెను. వారు వలదన్నదానిని తీసివేయవలెను. తీసివేసినదేమని నేను గాని తరగతి గాని అడుగరాదు.

ఆ బాలిక తన నోటుపుస్తకమును నాయనమ్మకు ఒక సాయంకాలము చదివి వినిపించినది. అక్షరము రాని యా వృద్ధురాలు వరద ఘట్టమును మరల చదివించుకొన్నదట. పెండ్లినాటి సంగతులకడ "అది తీసెయ్యి తల్లీ" యన్నదట. నాకు చేరిన పుస్తకములో ఎనిమిదవ పుటయందు రెండు పంక్తులు రబ్బరుతో చెరిపిన జాడ కలదు. కాగితము అక్కడ కొంచెము పలుచబడినది. ఆ చోటిని బాలిక ఖాళీగానే యుంచి, తరువాతి వాక్యమును క్రింది పంక్తినుండి ప్రారంభించినది.