ఆటల ముచ్చట్లు: ఆరంభశూరులను పోల్చుకోవడం ఎలా?

ఆంధ్రులు ఆరంభశూరులని మనల్ని మనమే ఎత్తిపొడుచుకోవడం పాత అలవాటు. సంఘం పెట్టిన ఏడాది ఉగాదికి కూర్చోను కుర్చీలు చాలవు. మూడో ఏటికి కుర్చీలే మనకోసం ఎదురుచూస్తాయి! అయితే ఈ గుణం మన సొత్తేమీ కాదు. అమెరికాలో కోట్ల మంది చూసే ఆటలోనూ ఇది ఉంది. ఈసారి ఆ ముచ్చట.

కారణం లేకపోలేదు. మన పాఠకులొకరు హోసూరు నుంచి ఉత్తరం రాశారు. వారి మనవడు ఫిలడెల్ఫియా దగ్గర పెరుగుతున్నాడట. ఫోనులో ఎప్పుడూ ఈగల్స్ జట్టు మాటే. సీజను మొదట్లో నాలుగు ఆటలు గెలిస్తే చాలు, కప్పు మాదే అంటాడట. అవునా నాయనా అనడం తప్ప తమకేమీ తోచడం లేదని, నాలుగు మాటలు నేర్పమని తాతగారి కోరిక. ఇలాంటి తాతయ్యలు, అమ్మమ్మలు మనలో చాలామందే ఉన్నారు.

ముందు ఆట సంగతి. అమెరికా ఫుట్‌బాల్‌లో జట్టుకు 11 మంది మైదానంలో ఉంటారు. కోలగా ఉండే బంతిని చేత పట్టి పరుగెత్తుతారు, లేదా విసురుతారు. మైదానం 100 గజాలు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. పోలేకపోతే బంతి అవతలివారిది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ఆపైన బంతిని కంబాల మధ్యగా తన్నితే మరొకటి. సెప్టెంబరు నుంచి జనవరి మొదటి రోజుల వరకు ఒక్కో జట్టుకు 17 ఆటలే. అందుకే నాలుగైదు తొలి గెలుపులు కొండంత కనిపిస్తాయి.

2023లో ఈగల్స్ జట్టు మొదటి 11 ఆటల్లో 10 గెలిచింది. ఏమీ చేతకానివారిని కొట్టిందా అంటే అదీ కాదు. కాన్సాస్ సిటీ, డాలస్, బఫలో, మయామీ వంటి గట్టి జట్లన్నీ దాని చేతిలో ఓడాయి. ఊరంతా పండగ చేసుకోవడంలో వింతేముంది?

కానీ లెక్క విప్పి చూడండి. ఆ 10 గెలుపుల్లో 7 గెలుపులు 7 పాయింట్లు, అంతకంటె తక్కువ తేడాతో వచ్చినవే. అంటే ఒక్క టచ్‌డౌన్ అటో ఇటో. ఇంకొక సూచన కూడా ఉంది. ఆ ఏడాది మొత్తం మీద నాలుగే ఆటలు గెలిచిన వాషింగ్టన్ జట్టు ఈగల్స్ మీద రెండుసార్లూ 31 పాయింట్లు చేసింది. ఇంటి కప్పు కారుతున్నా, గెలుపుల సందడిలో ఎవరికీ చినుకు తగల్లేదు.

తరువాత ముసళ్ల పండగ. శాన్‌ఫ్రాన్సిస్కో 42-19తో, డాలస్ 33-13తో, సియాటిల్ 20-17తో ఓడించాయి. డిసెంబరులో, నడి సీజనులో, రక్షణ ఎత్తులు వేసే బాధ్యతను ఒక శిక్షకుడి నుంచి తీసి ఇంకొకరికి అప్పగించారు. అయినా ఫలితం లేదు. సొంత మైదానంలో సగం ఆటకు 21-6తో ముందుండి కూడా, ఏడాది మొత్తంలో నాలుగే గెలిచిన అరిజోనా చేతిలో 35-31తో ఓడారు. చివరి ఆరింటిలో గెలిచింది ఒక్కటే. 11-6తో నాకౌట్‌కు చేరి, మొదటి ఆటలోనే టాంపా బే చేతిలో 32-9తో ఇంటిదారి పట్టారు.

మరుసటి ఏడు చూడండి. 2024లో అదే జట్టు, అదే ప్రధాన శిక్షకుడు నిక్ సిరియాని. మొదటి నాలుగు ఆటల్లో రెండు గెలుపులు, రెండు ఓటములు. ఎవరూ మెచ్చుకోలేదు. కానీ ఈ జట్టు తన రోగం ముందే తెలుసుకుని మందు వేసుకుంది. రక్షణ బాధ్యతకు అనుభవజ్ఞుడైన విక్ ఫాంజియోను తెచ్చుకుంది. బంతితో పరుగెత్తే సేక్వాన్ బార్క్లీని చేర్చుకుంది; అతడు ఆ సీజనులో 2,005 గజాలు పరుగెత్తాడు. నాయకుడు జేలెన్ హర్ట్స్ బంతి పోగొట్టుకోవడం బాగా తగ్గించాడు. ఆపైన వరుసగా 10 గెలిచి, 14-3తో ముగించి, 2025 ఫిబ్రవరి 9న సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీని 40-22తో ఓడించి కప్పు ఎత్తుకున్నారు.

తమాషా ఏమిటంటే, ఆ ఓడిన కాన్సాస్ సిటీ అదే సీజనును 9 వరుస గెలుపులతో మొదలుపెట్టింది! అందులోనూ 7 గెలుపులు 7 పాయింట్ల లోపువే. అలాగని సన్నని గెలుపులన్నీ బూటకం అనలేము. ఆ జట్టు 15-2తో ఆఖరి ఆట దాకా వచ్చింది. ఒత్తిడిలో నిలబడడం కూడా ఒక విద్యే. కాకపోతే అది ప్రతిసారీ చేతికందదు.

కనుక తాతగారూ, ఈసారి మనవడు గెలుపుల లెక్క చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఎంత తేడాతో గెలిచారు? బలహీనమైన జట్లకు ఎన్ని పాయింట్లు ఇచ్చారు? బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు? వాడు కాసేపు ఆగి, ఆలోచించి, జవాబు చెబుతాడు. ఆ జవాబు మీకు సగమే అర్థమైనా ఫరవాలేదు. తెలుగులో చెప్పమనండి, ఇద్దరికీ లాభమే.

గెలుస్తున్నప్పుడు లోపం వెతుక్కునేవాడికి ఓడినప్పుడు కంగారు ఉండదు. ఇది ఆ జట్టుకే కాదు, మన సంఘానికీ, మన పిల్లల చదువులకీ వర్తిస్తుందని వేరే చెప్పాలా?